కలివి కోడి పేరు ప్రమాణమేనా?

పేరులో జ్ఞానం ఉంటుందా, లేక అది మనం తగిలించుకున్న గుర్తు మాత్రమేనా? తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఉపమాన ప్రమాణానికి, అంటే పోలికతో తెలుసుకోవడానికి, ఇచ్చిన ఉదాహరణ ఈ ప్రశ్నకు దగ్గరిదే. గవయమంటే తెలియనివాడికి అడవి మనిషి ఒకడు ‘అది ఆవులా ఉంటుంది’ అని చెబుతాడు. విన్నవాడు అడవికి పోయి, అలాంటి జంతువును చూసి, గవయమంటే ఇదేనని గ్రహిస్తాడు. పండితుల వాదమంతా ఆ గ్రహింపు చుట్టూనే. చెప్పిన అడవి మనిషిని మాత్రం ఎవరూ పట్టించుకోరు.

కడప జిల్లాలో అలాంటివాడి విలువ తెలిసివచ్చింది. పక్షిశాస్త్రవేత్త జెర్డన్ 1848 ప్రాంతంలో కనుగొన్న ఒక పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర స్థానికుడొకడు దాన్ని రాత్రిపూట దీపం వెలుగులో పట్టుకున్నాడు. పగలు పొదల్లో నక్కి, చీకటి పడ్డాక తిరిగే పక్షి అది. ఆ ప్రాంతంలో దాని పేరు కలివి కోడి. కలివి ముళ్లపొద, ఆ పక్షి ఉండేది అలాంటి పొదలు పలచగా ఉన్న చిట్టడవిలోనే. ఎగరడంకన్నా నేలమీద పరుగెత్తడమే దానికి అలవాటు కనుక కోడి అన్నారనుకోవచ్చు. ఎక్కడ వెతకాలో, ఎలా కదులుతుందో రెండు మాటల్లో వచ్చేసింది. పాత పక్షి గ్రంథాలకెక్కిన మరో తెలుగు పేరులోనూ ‘అడవి’ ఉంది.

పేర్లన్నీ సంకేతాలే కదా అని నైయాయికుడే, అంటే తర్క పండితుడే, అడ్డురావచ్చు. నిజమే, కానీ ఏం చూసి ఆ సంకేతం పెట్టుకున్నారన్నది అసలు సంగతి. పాలపిట్టకూ పాలకూ ఏం సంబంధమంటే నా దగ్గర జవాబు లేదు. పైగా దసరానాడు దాన్ని చూస్తే శుభమన్న నమ్మకం, పిట్టను పంజరంలో పెట్టి డబ్బుకు చూపించే దాకా పోయింది. ప్రతి పేరూ సాక్ష్యం కాదు. పరీక్షకు నిలిచిందే సాక్ష్యం.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఒకటుంది. సూరత్ వడోద్ వైపు మరమగ్గాల చప్పుడులో పెరిగే తెలుగు పిల్లవాడికి కలివి కోడి వట్టి శబ్దమే కదా? అవును. విన్నవాడు అడవికి పోయి చూస్తేనే ఉపమితి, అంటే పోలికతో కలిగే జ్ఞానం, పూర్తవుతుందని తర్కం కూడా అంటుంది. అందుకు ముందు పొద మిగలాలి. కలివి కోడి తావును కాపాడటానికి తెలుగుగంగ కాలువ దారినే మార్చవలసి వచ్చింది.