గడప ముందు దగ్గు

చిన్నా,

నువ్వు క్షేమంగా హైదరాబాద్ చేరావని మీ అమ్మ చెప్పింది. ఎలుగుబంటి వీడియో మీ కాలేజీలో అందరూ చూశారటగా. నేనూ మీ అమ్మమ్మ ఫోన్‌లో నాలుగుసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ నా కళ్ళు ఎలుగును వదిలేసి కింద పడ్డ నీ నీడ దగ్గరే ఆగాయి. అది అడుగడుగునా ముందుకే పోతోంది. రెండు రాత్రులు నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

భద్రాచలంలో రాములవారి కల్యాణం చూసొచ్చిన మర్నాడే గదా మనం గుండాల దారిలో అడవికి పోయింది. పొద్దంతా బాగానే గడిచింది. తిరిగొచ్చేటప్పుడు చెల్లికి కడుపులో తిప్పుతోందంటే మీ నాన్న బండి ఆపాడు. నువ్వు ఫోన్ పట్టుకుని ఇప్పచెట్టు వైపు నడిచావు. నీకంటే ముందు నాకు ఆ చప్పుడు వినపడింది. బుస్సున ఊదడం, వెంటనే జుర్రున పీల్చడం. చెదలపుట్టను తవ్వి ఎలుగు చేసే చప్పుడది. దానికి పైదవడలో ముందరి పళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచే మట్టిని ఊదేసి చెదలను లోపలికి లాక్కుంటుంది. వీపు మీద బొచ్చు పట్టుకుని రెండు పిల్లలు వేలాడుతున్నాయి. నీకూ దానికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు.

అది రెండు కాళ్ళ మీద లేచి నిలబడ్డప్పుడు మీరంతా కొట్టడానికి వస్తోందనుకున్నారు. అప్పటికింకా అది వాసన వెతుక్కుంటోంది. దాని చూపు మందం, వినికిడీ అంతంతే, ముక్కే దానికి దిక్కు. మనవాళ్ళు దాన్ని గుడ్డెలుగు అని పిలవడం ఊరికే కాదనిపిస్తుంది నాకు. తలొంచుకుని తినే తల్లికి నువ్వు వచ్చింది తెలియనే లేదు. ఉన్నట్టుండి తలెత్తితే ఎదురుగా మనిషి, వీపు మీద పిల్లలు. ఆ క్షణంలో తల్లికి తోచేది ఒకటే. అది మీదపడితే ముందు మొహం మీదికే వస్తుంది. తునికాకు కోతకు పోయి పొదల్లో అలా ఎదురుపడి, కన్నూ ముక్కూ పోగొట్టుకున్న మనుషులను నేను కళ్ళారా చూశాను. నువ్వు నా పక్కన కూర్చుని అన్నం తింటుంటే నీ మొహం చూసి వాళ్ళే గుర్తొచ్చారు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు లోపలికి వచ్చేముందు గడప దగ్గర ఓసారి దగ్గుతారు, గమనించావా? లోపల ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళకు తెలియాలి. అడవిలో కూడా అంతే నాన్నా. ఇప్పపూలు ఏరడానికి తెల్లారకముందే పోయే కోయ ఆడవాళ్ళను చూడు. నలుగురైదుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ పోతారు. పువ్వు రాలేది రాత్రి చివరి జాములో. అప్పటికే ఎలుగు ఆ చెట్టు కింద ఉండొచ్చని వాళ్ళకు తెలుసు. మాట వినపడితే అది పక్కకు తప్పుకుంటుంది, వీళ్ళు మిగిలిన పువ్వు ఏరుకుంటారు. తరతరాలుగా ఒకే చెట్టు రెండు ఇళ్ళకూ కూడు పెడుతోంది.

నేను ముప్పై ఏళ్ళు బొగ్గుబాయి పని చేసినవాణ్ణి. గడ్డపారతో పైకప్పు తట్టి, ఆ మోత వినకుండా దాని కింద నిలబడలేదు. గట్టి కప్పు ఖంగుమంటుంది, డొల్ల కప్పు బొదబొదమంటుంది. అడవిలోనూ అలాగే చెవి పెట్టాలి. 1871లో కింగు దొర ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టినప్పటి నుంచి మనం ఈ అడవిని తింటూనే ఉన్నాం. మా బాయిలో కప్పుకు నిలబెట్టిన దుంగలు అడవి ఇచ్చినవే, నీ తల్లిని చదివించిన జీతం ఆ దుంగల కింద సంపాదించిందే. కిన్నెరసాని అభయారణ్యం 635 చదరపు కిలోమీటర్లని బోర్డు మీద రాస్తారు. ఆ గీత ఎక్కడ ఆగిందో ఎలుగుకు ఎవరు చెబుతారు? అది తన దారిన తాను రోడ్డు దాటుతుంది.

నా చిన్నతనంలో ఎలుగును ఆడించేవాళ్ళు వీధిలోకి వచ్చేవాళ్ళు. ముక్కుకు తాడు, మూతికి చిక్కం. పిల్లలకు జడుపు పోతుందని మా అమ్మ నన్ను దాని వీపు మీద కూర్చోబెట్టింది, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి మెడలో కట్టింది. ఆ రోజు వణికింది నేనా, అదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక మెల్లగా ఆ ఆట పోయింది, మంచిదే అయింది. అదే వీపు మీద మొన్న దాని సొంత పిల్లలు కూర్చుని ఉండగా చూశాను. ఈ వయసులో నాకు అంతకంటే ఏం కావాలి?

ఇంకోసారి ఎదురైతే పరుగెత్తకు, నీకంటే అదే వేగంగా పరుగెత్తుతుంది. చెట్టెక్కకు, అదీ ఎక్కుతుంది. రాయి విసరకు. దాని వైపే చూస్తూ, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేయి. తప్పక మీదికే వస్తే బోర్లా పడుకుని రెండు చేతులతో మెడ వెనక కప్పుకో. మొహం నేలకే ఉండాలి. పొద్దుగూకే వేళ, తెల్లారే వేళ పొదల వైపు ఒంటరిగా అడుగు పెట్టకు. మొన్న నేను పిలవగానే ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి వచ్చావు. అందుకు నీ తల నిమరాలనిపించింది, అందరి ముందూ ఊరుకున్నాను.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. వీడియో ఉంచుకో, నాకూ ఇష్టమే. దాని కింద ఆ చోటు పేరు, దారి గుర్తులు రాశావు చూడు, అవి మాత్రం ఈ రోజే తీసెయ్యి. నీలాంటి పిల్లలు బండ్లేసుకుని వస్తారు, ఉచ్చులు పెట్టేవాళ్ళూ వస్తారు. ఆ రెండు పిల్లలు ఇంకా తల్లి వీపు దిగలేదు.

మీ తాత