నోటుపుస్తకం ఎవరిది?

ఈ సంగతి రాయాలా వద్దా అని కొంత తటపటాయించాం. మన సమావేశాల్లో పాటలు, పద్యాలు, పిల్లల మార్కుల గురించి మాట్లాడుకుంటాం గాని, పిల్లల దిగులు గురించి మాట్లాడుకోవటం తక్కువ. అయినా ఒక తండ్రి అడిగిన ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు.

ఆయన కొడుకు ఇక్కడే ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. నిద్ర పట్టదు. పరీక్ష వారం రోజులుందనగా కడుపులో తిప్పటం మొదలవుతుంది. క్లాసులు ఎగ్గొడతాడు, స్నేహితులు ఫోను చేస్తే ఎత్తడు. అట్లాగని పెద్ద జబ్బేమీ కాదు. తిండి తింటున్నాడు, చచ్చిపోవాలన్న ఆలోచన లేదు (అది ముందే, సూటిగా అడిగి తెలుసుకున్నాం). ఇలాంటి పిల్లలకు గైడెడ్ సెల్ఫ్ హెల్ప్ అనే పద్ధతి ఒకటుంది. స్వయంచికిత్స అందామంటే, మందుల షాపుకెళ్లి మాత్రలు కొనుక్కోవటం అనుకునే ప్రమాదం వుంది. తోడున్న స్వయంసహాయం అందాం.

పద్ధతి చాలా మామూలుది. ఒక చిన్న పుస్తకమో, ఫోనులో పాఠాలో వుంటాయి. బెంగ పుట్టినప్పుడు మనసులో ఏ మాట మెదిలిందో రాసుకోవటం, అందులో నిజమెంతో చూసుకోవటం, మానేసిన పనుల్లో ఒకదాన్ని మళ్లీ కొంచెంగా మొదలుపెట్టటం, భయపడి తప్పించుకునేదానికి మెట్టుమెట్టుగా దగ్గరవటం. వారానికొకసారి ఒక మనిషి పావుగంటసేపు పలకరిస్తారు. ఆ మనిషి మానసిక వైద్యుడే కానక్కరలేదు, తగిన శిక్షణ వుంటే చాలు. ఆస్ట్రేలియా వైద్యురాలు క్లెయిర్ వీక్స్ 1962 లోనే నరాల బలహీనత అనుకుని బాధపడేవారికోసం ఇలాంటి పుస్తకం రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టెప్ బై స్టెప్ అనే అయిదు పాఠాల కార్యక్రమాన్ని లెబనాన్‌లో పరీక్షించి చూసింది. ఆ ఫలితాలు 2022 లో వచ్చాయి, దిగులు తగ్గిందని తేలింది. దాన్నే మకావ్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ వలసజీవులకోసం వాళ్ల భాషలోకి, వాళ్ల బతుకుల్లోకి మార్చి వాడారు. మనతోపాటు ఆసుపత్రుల్లో పనిచేసే ఫిలిప్పీనో నర్సులను చూసినప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది. ఇంగ్లండులో నైస్ సంస్థ 2022 లో ఇచ్చిన సూచనలు గూడా, తీవ్రత తక్కువైన డిప్రెషన్‌కు మొదట ఆలోచించవలసినవాటిలో దీన్ని పెట్టాయి.

"పుస్తకం చేతికిచ్చి పంపెయ్యటమేనా వైద్యం?" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఆ అబ్బాయికంటే ముందు ఒక అమ్మాయికి మేము సరిగ్గా అదే చేశాం. పుస్తకం ఇచ్చాం, వచ్చే వారం మాట్లాడతామన్నాం, డ్యూటీల్లో పడి మరిచిపోయాం. నెల తర్వాత ఆ అమ్మాయి పుస్తకం తిరిగి ఇస్తూ, "సారీ అంకుల్, నేనే సరిగ్గా చెయ్యలేకపోయాను" అన్నది. రెండో పాఠం దగ్గరే ఆగిపోయింది. మాట తప్పింది మేము, క్షమాపణ చెప్పింది తను. ఈ పద్ధతిలో వున్న అసలు ప్రమాదం అదే. నీకు నువ్వే సాయం చేసుకో అనగానే, గుణం కనిపించకపోతే ఆ నేరం గూడా నీదే అయిపోతుంది. అప్పటికే తనను తాను తిట్టుకుంటున్న పిల్లకు మనం ఇంకో కారణం అందించినట్టు. తోడు లేకుండా ఒంటరిగా మొదలుపెట్టినవాళ్లలో మధ్యలో మానేసేవారు ఎక్కువని పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. అది మేము చదివిన సంగతే. చదవటం వేరు, ఆ పిల్ల ముఖం చూడటం వేరు.

కృష్ణుడు అర్జునుడికి బాణాలు వేసిపెట్టలేదు. అట్లాగని ఉపదేశం చేసి రథం దిగి పోనూ లేదు. పగ్గాలు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. వారానికి పావుగంటంటే మా దృష్టిలో అది.

ఇంకో సందేహం గూడా వుంది. ఇది చౌక గనుక విశ్వవిద్యాలయాలకు నచ్చుతుంది. ఒక్క కౌన్సిలరు ఎంతోమందిని చూసుకోవచ్చు. కాని పిల్లవాడి బెంగకు కారణం వాడి ఆలోచనల్లోనే వుందా? ఇక్కడ కొడుకును తండ్రి స్పాన్సర్‌షిప్పు కింద వుంచుకునే వయసు 2022 అక్టోబరులో 25 ఏళ్లకు పెరిగింది. అంతకుముందు 18 దాటితే చదువుతున్నట్టు కాగితాలు చూపిస్తేనే. పాతికైనా గడువు గడువే. పుట్టి పెరిగిన వూళ్లోనే, ఉద్యోగం దొరక్కపోతే ఎక్కడికి పోవాలన్న లెక్క పంతొమ్మిదేళ్లకే మొదలవుతుంది. ఆ భయాన్ని ఆలోచనలో పొరపాటు అని నోటుపుస్తకంలో కొట్టెయ్యమనటం అన్యాయం. అది నిజమైన చిక్కు, కూర్చుని తండ్రీకొడుకులు మాట్లాడుకోవలసినది. పద్ధతి పనికొచ్చేది దానిపైన పేరుకున్నవాటికి: "నేనొక దండగమనిషిని", "అందరూ నన్నే చూస్తున్నారు" అనేవాటికి.

ఇక ఆ తండ్రి ప్రశ్న. నాలుగో వారంలో ఫోను చేశారు. "డాక్టరుగారూ, వాడు ఆ నోటుపుస్తకంలో ఏం రాస్తున్నాడో కాస్త చెప్పండి. ఫీజు కట్టేది నేను, కన్నది మేము. మాకు చెప్పకపోతే ఎట్లా?"

చట్టం చూస్తే జవాబు తేలికే. పిల్లవాడు మేజరు. ఈ దేశంలో 1981 నాటి చట్టం స్థానంలో 2023 లో తెచ్చిన 10వ నంబరు ఫెడరల్ చట్టం, మానసిక చికిత్స పొందేవారి సంగతులు గోప్యంగా వుంచాలంటుంది. కాని ఆయన అడిగింది చట్టం గురించి కాదు గదా. మన ఇళ్లల్లో రహస్యమంటే దూరమైపోవటమే. అమ్మానాన్నలకు చెప్పనిది డాక్టరుకు చెప్పాడంటే అది ఆయనకు అవమానంగా వుంది. దాన్ని మేము కొట్టిపారెయ్యలేం. రేపు మా పిల్లలు పెద్దవాళ్లయితే మేము గూడా అదే అడుగుతామేమో.

అయినా చెప్పలేదు. తండ్రి చదువుతాడని తెలిసిన క్షణాన ఆ కుర్రవాడు నోటుపుస్తకంలో తండ్రికి నచ్చేవే రాస్తాడు. నిజం రాసుకోవటానికి మిగిలిన ఒక్క చోటు గూడా పరీక్ష పేపరవుతుంది. "అన్నగారూ, ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఆ నిమిషమే మీకు ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్తాం. ఆ మాట వాడికి మొదటిరోజే చెప్పాం. మిగతాది వాడినే అడగండి. మార్కుల గురించి కాదు, రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి" అన్నాం.

ఆయన ఫోను పెట్టేశారు. తర్వాత రెండు సమావేశాలకు రాలేదు. ఉగాదికి కుటుంబంతో వచ్చారు. పచ్చడి తీసుకుంటూ మా వంక చూసి తల పంకించారు గాని, ఆ సంగతి ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అబ్బాయి కుర్చీలు సర్దుతున్నాడు.