అమ్మరాని నేల

కృష్ణా జిల్లా అంటే అందరికీ కాలవలూ వరిచేలే గుర్తుకొస్తాయి. మాది మెట్ట. జగ్గయ్యపేట, వత్సవాయి, నందిగామ, చందర్లపాడు. 2022లో జిల్లాలు చీల్చాక ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ నేల మారలేదు. పత్తీ మిరపా పండే నల్లరేగడి ఊరోళ్ళది. అడుగు తవ్వితే సున్నపురాయి తగిలే చెలక మా మాదిగ గూడేనిది.

మా అయ్యకి 1976లో రెండెకరాలకి డీ ఫారం పట్టా ఇచ్చారు. 'ఇచ్చారు' అనే మాట నాకెప్పుడూ మింగుడు పడదు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు నించే తుప్పలు కొట్టి, రాళ్ళేరి, గట్లు పోసి ఆ బంజరుని చేను చేసింది మా తాత. చేసింది మేము, ఇచ్చింది సర్కారు! ఆ చేలో పండిన కందులే నన్ను బి.ఇడి. దాకా చదివించినయ్. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటోణ్ణి నేనే.

2024లో కొత్త పారిశ్రామిక విధానాలు వచ్చినయ్. 175 నియోజకవర్గాల్లోనూ ఒక్కో ఎంఎస్‌ఎంఈ పార్కు అన్నారు. ఇక ఖాళీ భూమి ఎక్కడుందీ అని వెతుకులాట. మా ఊళ్ళో గ్రామసభ పెట్టారు. పెద్దరైతులందరూ పరిశ్రమ రావాలన్నారు. తన పొలంలోకి రావాలని ఒక్కడూ అనలేదు. హైవే పక్కన వాళ్ళ పట్టా భూములు వందల ఎకరాలున్నయ్. కాగితం మీద మాత్రం మా చెలకే ఉంది, 'ప్రభుత్వ భూమి' అనే పేరుతో.

నేను సర్కారు ఉద్యోగిని, లేచి మాట్లాడకూడదు. మా అమ్మ లేచింది. "అయ్యా, మేం దున్నుకునే సేను కాళీ ఎట్టయిద్ది?" అంది. "అది గవర్నమెంటుది గదమ్మా, నిన్నడగాల్సిన పనేముంది, చెప్తన్నాం అంతే" అన్నాడు కాగితాలు పట్టుకున్నాయన. అడగటం వేరు, చెప్పటం వేరు. ఈ రెంటికీ మధ్యన ఉన్న తేడా గురించే నేను రాస్తున్నది.

1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకూడదంది. మంచికే. తాగించో అప్పు పెట్టో భూస్వామి రాయించుకోకుండా. కానీ అమ్మే హక్కు లేనోడికి ఇవ్వనని చెప్పే హక్కు కూడా లేనట్టు లెక్కేశారు. మమ్మల్ని భూస్వామి నించి కాపాడిన ఆ నిబంధనే సర్కారు చేతిలో తాడయింది. కాపాడేవాడే లాక్కుంటే ఎవరికి మొర పెట్టుకోవాలి? 2023లో ఇరవై ఏళ్ళు దాటిన వాటికి పూర్తి హక్కులిస్తూ చట్టం సవరించారు. అక్రమాలు జరిగాయని 2024లో కొత్త ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపేసింది. మా భూమి మీద మా మాట చెల్లేదెప్పుడో ఇద్దరూ తేల్చలేదు.

నిజానికి కోర్టు ఎప్పుడో తేల్చింది. చేవెళ్ళ కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుక్కూడా పట్టాదారుతో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలంది. 2013 భూసేకరణ చట్టం సర్కారు భూమి పొందిన కుటుంబాన్నీ, మూడేళ్ళుగా అక్కడ కూలి చేసుకుంటున్న కుటుంబాన్నీ బాధిత కుటుంబాల్లో చేర్చింది. ప్రైవేటు కంపెనీకైతే బాధితుల్లో నూటికి ఎనభై మంది ఒప్పుకోవాలంది. 2018లో మన రాష్ట్రమే పారిశ్రామిక కారిడార్ల లాంటివాటిని సామాజిక ప్రభావ అంచనా నించి మినహాయించుకునే సవరణ తెచ్చుకుంది. కృష్ణకి అవతలి ఒడ్డున అమరావతి పూలింగులో అసైన్డ్ రైతుకి పట్టా రైతు కంటే తక్కువ గజాలు రాశారు. ఏరు ఒకటే, మట్టి ఒకటే, గజాలే వేరు.

మా పక్క జయంతిపురం సంగతి పేపర్లలో చూసే ఉంటారు. ఎకరం లక్ష చొప్పున సుమారు 498 ఎకరాలు ఒక ఎరువుల కంపెనీకి కేటాయించారు. 2019లో మంత్రివర్గం రద్దు చేసింది. ఏ పార్టీ వాళ్ళ చుట్టాలకి లాభం అనేదాని మీదే నేను చదివిన గొడవంతా. అక్కడ ఎవరి మేకలు మేసేవి, ఎవరు పుల్లలేరుకునేవాళ్ళు అని అడిగిన వార్త నా కంటపడలేదు.

ఇట్టా రాస్తే నేను ఫ్యాక్టరీలకి అడ్డమనుకుంటారు. కాదు. సభలోనే మా గూడెం కుర్రాడొకడు, "ఆ రెండెకరాలు పట్టుకుని ఏం బావుకున్నాం మావా? కంపెనీలో నా కులం ఎవడడుగుతాడు?" అన్నాడు. ఆ మాట తీసెయ్యలేం. అంబేడ్కర్ 1918లోనే చిన్న కమతాల మీద రాస్తూ, నేల మీద ఇంతమంది పడి బతకటమే జబ్బు, పరిశ్రమలే మందు అని వాదించాడు. పల్లెటూర్ని పొగిడేవాళ్ళని రాజ్యాంగ సభలోనే దులిపేశాడు. ఊరి మీద నాకూ మోజు లేదు. కారంచేడూ చుండూరూ ఊళ్ళే గదా. కానీ అదే అంబేడ్కర్ 1947లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలని రాశాడు. మా చేను తీసి ప్రైవేటోడి చేతిలో పెట్టమనలేదు. ఆ కుర్రాడు కలగంటున్నది నెల జీతం. మా గూడెం నించి సిమెంటు పనికి పోయినోళ్ళకి దొరికింది కాంట్రాక్టరు కింద బస్తాల మోత, ముక్కులో దుమ్ము. గేటు దగ్గర కులం అడగరు, నిజమే. ఏ పనికి ఎవర్ని పెట్టాలో మాత్రం అడక్కుండానే తెలుసుద్ది.

అందుకే నా దృష్టిలో ప్రశ్న భూమా ఫ్యాక్టరీయా అని కాదు. 'ప్రజాప్రయోజనం' అన్నప్పుడు ఆ ప్రజల్లో మేమున్నామా లేదా అనేది. ఉంటే, మా నష్టం మీ లాభంతో తూచేముందు మా ఒప్పుదల కావాలి. ఒప్పుదల అంటే కాదనే వీలు కూడా ఉండటం. కాదనలేనోడి చేత అవుననిపిస్తే అది వేలిముద్రే అవుతుంది. నందిగామ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అసెంబ్లీలో మాకు కుర్చీ ఉంది, మా చేలో మాకు మాట లేదు. ఓటుకి పనికొచ్చిన మనిషి గట్టు మీద నిలబడేసరికి ఆక్రమణదారుడెట్టా అవుతాడో నా తొమ్మిదో తరగతి పిల్లలకి పౌరశాస్త్రం చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టుకుంటది.

సభ అయ్యాక తీర్మానం పుస్తకం అమ్మ ముందు పెట్టారు. వేలు ముందుకి చాపలేదు. "చదివి వినిపించండి" అంది. చదివారు. 'అభ్యంతరాలు లేవు' అని ముందే రాసుంది. "నాకున్నయ్, రాయండి" అంది. చానాసేపు గొణుక్కుని ఒక్క వాక్యం రాశారు. కింద సంతకం చేసింది. వయోజన విద్యలో నేర్చుకున్న మూడక్షరాలు, వంకరగా.