నిండుగా పోయి ఖాళీగా వచ్చే బండి

ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు మీద తెల్ల కాగితం పరిచి పెన్సిల్‌తో లైన్లు గీస్తున్నాను. ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య మూలపడిన బొమ్మరైళ్ల సరదా ఈ వయసులో మళ్లీ పట్టుకుంది. కాసిపేటలో బొగ్గుబాయి పనివాళ్ల ఇంట పుట్టినవాడికి రైలంటే బొగ్గుబండే. కాజీపేట–బల్లార్షా లైను మీద ఎన్ని ఎక్స్‌ప్రెస్‌లు పోయినా చిన్నప్పుడు నేను లెక్కపెట్టింది వ్యాగన్లనే.

కొలతలు మొదట్లోనే చేతులు కట్టేస్తాయి. హెచ్‌ఓ స్కేలంటే అసలు రైలులో 87వ వంతు. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి ఆ లెక్కన 19 మిల్లీమీటర్లు దాటాలి. దొరికే పట్టా 16.5, స్టాండర్డ్ గేజికి చేసింది. దానికి సర్దుకుపోతాను. బొగ్గు మోసే 58 బాక్స్ఎన్ వ్యాగన్ల పూర్తి బండికి మాత్రం ఏడు మీటర్లు కావాలి. మా హాలే అంత లేదు.

గుండ్రటి లైను పిల్లల ఆట అని, అసలైన లేఅవుట్‌లో బండి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలని హాబీ ముదిరినవాళ్లు చాలామంది అంటారు. నేనూ ముందు మందమర్రి నుంచి మంచిర్యాలకు గీశాను. తర్వాత రామగుండం మనసులో మెదిలింది. అక్కడి 2600 మెగావాట్ల ఎన్టీపీసీ ప్లాంటుకు గోదావరిఖని వైపు గనుల నుంచి బొగ్గు తెచ్చేది ఎంజీఆర్ లైను, అంటే మెర్రీ గో రౌండ్. 1960ల్లో బ్రిటన్ కరెంటు కేంద్రాల కోసం మొదలైన పద్ధతి ఇది. బండి మెల్లగా కదులుతుండగానే వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుంటాయి, బొగ్గు పట్టాల కింది హాపర్లోకి జారిపోతుంది, బండి మళ్లీ గని దారి పడుతుంది.

మా దగ్గర అసలు రైలే చుట్టు తిరుగుతుందన్నమాట. కానీ బొమ్మరైలు ఎన్ని చుట్లు తిరిగినా నిండు వ్యాగన్ నిండుగానే వస్తుంది. నన్ను తొలిచేది అదే. గనిలో పనిచేసే మా బాపు, అంటే నాన్న, అలాగే షిఫ్టుకు పోయేవాడు, వచ్చేవాడు. సైరన్‌తో నడిచే ఇల్లు మాది. బయటికి రోజూ ఒకే తిరుగుడు. లోపల మాత్రం బొగ్గు తీసేకొద్దీ పని జాగా దూరం జరిగేది, గనిలోకి దిగే ఏటవాలు దారి, ఇంక్లైన్‌లో నడక పెరిగేది, ఆయన మోకాళ్లు అరిగేవి. ఆ ఖర్చు కనపడని లేఅవుట్ ఎంత అందంగా ఉన్నా ఈ నేలది కాదు.

మోడలర్ల దగ్గర దీనికో ఉపాయం ఉంది. బల్ల మధ్యలో అడ్డుగోడ, ఒక పక్క గని, రెండో పక్క పవర్‌హౌస్. గనిలోకి నెట్టిన ఖాళీ వ్యాగన్లు గోడ దాటి పవర్‌హౌస్ నుంచి ఖాళీగా బయటికొస్తాయి. పవర్‌హౌస్‌లోకి పోయిన నిండు వ్యాగన్లు గని నుంచి వస్తాయి. చూసేవాళ్లకు నమ్మకంగానే ఉంటుంది. ఒక్క ముక్క బొగ్గు కూడా కదలదు.

నాకది చాలదు. వ్యాగన్ అడుగుకు పల్చటి ఇత్తడి రేకు తలుపు, కీలుకు సన్నటి ఉక్కు తీగ. పట్టా పక్కన కొట్టిన మేకు తగలగానే తలుపు జారాలి. నలగ్గొట్టి జల్లెడపట్టిన నిజం బొగ్గు బల్లకు పెట్టిన కంతలోంచి కింది సొరుగులో పడాలి. సొరుగులోది తీసి మళ్లీ గని బంకర్లో పోసుకోవడం సులువే. పోయనని ప్లాను అంచున రాసిపెట్టుకున్నాను. బంకరు ఎంత పెద్దది కట్టాలన్నదే ఇంకా తేలలేదు.