కాలక్షేపం

నవంబరు వచ్చిందంటే మా బ్యాంకులో పింఛనుదారుల వరుస పెరుగుతుంది. బతికే ఉన్నామని ఏడాదికొకసారి కాగితం ఇస్తే తప్ప పింఛను సాగదు. 2014 నుంచి వేలిముద్రతో ఇంట్లో కూర్చునే ఈ పని ముగించుకునే వీలున్నా, మా శాఖకు వచ్చే పెద్దలు చాలామంది ఎదురుగా కూర్చుని సంతకం పెట్టి వెళ్ళడానికే ఇష్టపడతారు. అలా వచ్చిన ఒక పెద్దాయనను, పెరంబూరు ఐ.సి.ఎఫ్.లో ముప్పై ఏళ్ళకు పైగా రైలు పెట్టెలకు వెల్డింగు చేసినవారిని, పలకరింపుగా అడిగాను: "ఎలా కాలక్షేపం అవుతోందండీ?"

"అదొక్కటే అవుతోంది బాబూ" అన్నారు.

ఈ చెన్నపట్నంలోనే, ట్రిప్లికేన్ వైష్ణవుల ఇళ్ళలో కాలక్షేపమంటే గురువు ఎదుట కూర్చుని గ్రంథం పాఠం చెప్పించుకోవడం. మన ఇళ్ళలో ఆ మాటకు పొద్దుపుచ్చడమనే అర్థం మిగిలింది. ఆ రోజంతా ఈ మాటే బుర్రలో తిరిగింది.

రెండు నెలల తరువాత అయనావరంలో ఆయన ఇంటి ముందుగదిలో, ఆదివారం సాయంత్రాలు, తొమ్మిదిమందిమి చేరడం మొదలైంది. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. జమాఖర్చుల పుస్తకం నాకు అప్పజెప్పారు. మనిషికింత చందా వేసుకుని ఒక పండితుణ్ణి పిలుద్దామన్నాను. కామర్సు చదివినవాడికి అంతకంటే తోచదు. పెద్దాయన ఒప్పుకోలేదు. "ఇనుముకు ఇనుము ఎలా అతుకుతుందో నేను చెబుతాను. పోతన గురించి మన పంతులుగారు చెబుతారు. వడ్డీ మీద వడ్డీ ఎలా పుడుతుందో నువ్వు చెప్పు. తొమ్మిదిమంది ఉండగా పదోవాడెందుకు?" అన్నారు.

ఈ తగువు మాకంటే ముందే జరిగిందని తరువాత చదివాను. 1973లో ఫ్రాన్సులోని తులూజ్‌లో పియెర్ వెల్లాస్ అనే ఆచార్యుడు రిటైరైనవారి కోసం 'మూడవ వయసు విశ్వవిద్యాలయం' నెలకొల్పాడు. అక్కడ ఆచార్యులు చెబుతారు, పెద్దలు వింటారు. 1981లో కేంబ్రిడ్జిలో పీటర్ లాస్లెట్, మైకేల్ యంగ్, ఎరిక్ మిడ్‌వింటర్ పేరు అదే ఉంచి పద్ధతి మార్చారు. పరీక్ష లేదు, పట్టా లేదు. ఇవాళ చెప్పినవాడు రేపు వినేవాడు. మా వెల్డరుగారు ఈ పేర్లేవీ వినకుండానే ఆ రెండో దారి పట్టారు.

నేను విద్యారుణాల దరఖాస్తులు చూసేవాణ్ణి. ఈ చదువు ఎంత సంపాదిస్తుంది, అప్పు ఎన్నాళ్ళకు తీరుతుంది - ఇవీ మా ప్రశ్నలు. డెబ్బై రెండేళ్ళ వయసులో పోతనను విన్నందువల్ల రాబడి సున్నా. కాబట్టి ఇదే అసలైన చదువు, దీనికి ధర లేదు అనుకుని ఆరు నెలలు చాలా సంతోషించాను. పదిమందికీ చెప్పాను కూడా.

పెద్దాయన భార్య, మేమంతా పిన్నిగారంటాం, వంటింటి గుమ్మంలో నిలబడి వినేవారు. ఒక ఆదివారం గ్లాసులు తీసుకుంటూ "నాకు తెలుగు అక్షరాలు నేర్పుతారా?" అన్నారు. ఆవిడ పుట్టిందీ చదివిందీ ఇక్కడే, తమిళ బడిలో. తెలుగు నోటికే గాని కంటికి రాదు. మన పిల్లలకు తెలుగు రాయడం రాలేదంటే 2006 నాటి తమిళ బోధన చట్టాన్ని తలుచుకుంటాం. ఈవిడ బడి మానేసేనాటికి ఆ చట్టం ఊసే లేదు.

"తప్పకుండా! సాయంత్రం వచ్చి కూర్చోండి" అన్నాం ఉదారంగా.

"మరి కాఫీ ఎవరు పెడతారు?"

ఎత్తిపొడుపుగా కాదు, మామూలుగానే అడిగారు.

జీవితంలో సంపాదన వయసు ముగిశాక మూడవ వయసు వస్తుందని లాస్లెట్ రాశాడు. ఈవిడకు రెండవది ఏ తేదీన ముగిసింది? శాలువా ఎవరు కప్పారు? మన వానప్రస్థం సంగతి చూద్దామంటే, భార్యను కొడుకుల వద్ద నిక్షేపించి అయినా, వెంటబెట్టుకుని అయినా అడవికి పొమ్మంటాడు మనువు. నిక్షేపమంటే మా భాషలో డిపాజిట్టు. ఆవిడను అడగమని మాత్రం అనలేదు.

ఇంటికి వచ్చి జమాఖర్చుల పుస్తకం తీశాను. పాలు, పంచదార, కాఫీపొడి పైసలతో సహా ఉన్నాయి. ఆరు నెలల ఆదివారాలు పొయ్యి దగ్గర నిలబడిన మనిషి ఏ పద్దులోనూ లేదు. ధర లేదన్నది నేనే. ఈ సంగతి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ విని, నేను తిన్న కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది.

తరువాతి వారం వాదన జరిగింది. కాఫీ మానేద్దామన్నారొకరు. పిన్నిగారికి విడిగా, ఇంట్లోనే వీలున్నప్పుడు నేర్పితే సరిపోతుందన్నారు ఇంకొకరు. ఆ వీలు ఇన్నేళ్ళలో ఎప్పుడొచ్చిందో ఆయన చెప్పలేకపోయారు. చివరికి ఆవిడనే అడిగాం. మూడింటికైతే తనకు కుదురుతుందన్నారు. మధ్యాహ్నం కునుకు మానుకోవడానికి మాలో ఇద్దరు చాలా బాధపడ్డారు. కాఫీకి వంతులు వేసుకున్నాం. నా వంతు వచ్చిన రోజు ఎవరూ రెండో గుక్క తాగలేదు.

మొన్న ఆదివారం పిన్నిగారు పలక మీద 'కాకి', 'గాలి' పక్కపక్కన రాశారు. తమిళంలో ఈ రెంటికీ మొదటి అక్షరం ఒకటే. చాలాసేపు చూసి, "నోటితో వేరువేరుగానే అంటున్నాను కదా బాబూ, రాతలోనూ వేరని నాకెవరూ చెప్పలేదే" అన్నారు. లోపలినుంచి పెద్దాయన, కాఫీపొడి డబ్బా ఎక్కడుందని కేకేశారు. ఆవిడ తలెత్తలేదు.

"పై అరలో చూడండి" అని, 'ఖ' దిద్దడం మొదలుపెట్టారు.