సుంకపు మెట్టు దగ్గర విశ్వాసి

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 5:1–11

ఇంగ్లాండులో చాలా సంవత్సరములు ఉద్యోగము చేసి, కుటుంబముతో స్వదేశమునకు వచ్చి స్థిరపడదలచిన మన సహోదరుడొకరు ఇటీవల మాకొక జాబు వ్రాసిరి. ఆయన అక్కడ కొన్న కారు వయస్సు రెండేండ్లు. బండి మంచిది, అచ్చివచ్చినది, పిల్లలు దానికి అలవాటుపడిరి. దానిని ఓడ మీద ఇంటికి తెచ్చుకొనవలెనని ఆయన ఆశ. అయితే రేవు పనులు చూచిపెట్టు ఏజెంటొకడు ఆయనతో, "అయ్యగారూ, మీరు కొన్న రసీదు పక్కన పెట్టండి. తక్కువ వెలతో ఇంకొకటి తెప్పిద్దాం. అందరూ చేసేదే" అని చెప్పినాడట. "ఇది పాపమా, లేక లోకవ్యవహారమా? మొగమాటము లేకుండ చెప్పుడి" అని మన సహోదరుడు అడుగుచున్నారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. పరదేశములలో బిడ్డలో బంధువులో లేని ఇండ్లు నేడు మన సంఘములలో తక్కువ. కారు తెచ్చుకొనువారు కొద్దిమందియే కావచ్చును గాని, ఏదో ఒక వస్తువు చేతపట్టుకొని సుంకపు మెట్టు ఎదుట నిలుచువారు అనేకులు. కాబట్టి ఆ సహోదరునికి వ్రాసిన జవాబును పాఠకులందరి యెదుట ఉంచుచున్నాము.

కారు కలిగియుండుట తప్పా?

మొదట ఈ సంగతి తేల్చుకొందము. పరదేశము నుండి బండ్లు తెప్పించుకొనుట బైబిలులో క్రొత్త మాట కాదు. సొలొమోను ఐగుప్తు నుండి రథములను గుఱ్ఱములను తెప్పించెను. రథము ఒక్కంటికి 600 తులముల వెండి, గుఱ్ఱము ఒక్కంటికి 150 తులముల వెండి అని మొదటి రాజుల గ్రంథము 10వ అధ్యాయపు చివర వెలలు కూడ వ్రాయబడియున్నవి. రాజు గుఱ్ఱములను విస్తారముగా సంపాదించుకొనరాదని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయము ముందే హెచ్చరించినది. సొలొమోను ఆ హెచ్చరికను మరచెను. అయినను, ఐతియొపీయుల రాణియొద్ద అధికారియైన వాని రథము సంగతియు మనకు తెలియును. అతడు రథములో కూర్చుండి యెషయా గ్రంథము చదువుకొనుచు, ఫిలిప్పును ఎక్కించుకొని తన ప్రక్కను కూర్చుండబెట్టుకొనెను. ఆ బండియే వానికి రక్షణ మార్గమాయెను. కాబట్టి బండి మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. అది ఎట్లు వచ్చెను, దేనికి వాడబడుచున్నది అనునవే ప్రశ్నలు. మన సహోదరుడు అడిగినది మొదటి ప్రశ్న.

చట్టము ఏమి అడుగుచున్నది?

వాడిన కారును మన దేశమునకు తెచ్చుకొనగోరువారికి ప్రభుత్వము కొన్ని షరతులు పెట్టినది. కారు తయారై మూడేండ్లు మించరాదు. స్టీరింగు కుడి ప్రక్క ఉండవలెను. దీపముల వెలుగు ఎడమ ప్రక్కన నడచు మన రోడ్లకు తగినట్లు పడవలెను. వాడిన కార్లు ముంబాయి రేవు గుండానే దిగవలెను. ఇంగ్లాండులోను మనవలెనే ఎడమ ప్రక్కన నడచుదురు గనుక అక్కడి కారుకు స్టీరింగు చిక్కు లేదు. అమెరికా నుండియు గల్ఫు దేశముల నుండియు వచ్చు కార్లకు సాధారణముగా ఈ చిక్కు ఉన్నది.

ఆపైన సుంకము. కారు వెల, ఓడ కిరాయి, భీమా ఈ మూడును కలిపిన మొత్తముపై సుంకము లెక్కింపబడును. పూర్తిగా తయారై వచ్చు కార్లపై మన దేశము చాలకాలము నుండి భారీ సుంకము విధించుచున్నది. దానికి పన్నులు కూడ చేరగా, అనేక కార్ల విషయములో కట్టవలసిన సొమ్ము కారు వెలనే మించిపోవును. ఏజెంటు మాటకు బలము ఇచ్చటనే వచ్చినది. వెల సగమని వ్రాసినయెడల సుంకము కూడ చాల తగ్గును.

కాని చట్టము వాడకము వలన కలుగు తరుగుదలను ఎరుగనిది కాదు. వాడిన కారు వెల కట్టునప్పుడు, గడచిన ప్రతి మూడు నెలలకు ఇంత అని తరుగు తీసివేయు పద్ధతి కస్టమ్స్ వారికి ఉన్నది. న్యాయముగా తగ్గవలసినది న్యాయముగానే తగ్గును. దానికి అబద్ధపు రసీదు అక్కరలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. 1962వ సంవత్సరపు కస్టమ్స్ చట్టము 46వ సెక్షను ప్రకారము, సరకు తెప్పించుకొనువాడు పత్రము దాఖలు చేయునప్పుడు, అందులోని సంగతులు సత్యమని ప్రకటించి సంతకము పెట్టవలెను. సుంకము ఎంత అను ప్రశ్న తరువాతిది. మొదటి ప్రశ్న "ఇది సత్యమా?" అనునదియే. ప్రభుత్వము మన సొమ్మును అడుగుటకు ముందు మన మాటను అడుగుచున్నది.

అననీయ చెప్పిన వెల

ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. అననీయ, సప్పీరా తమ పొలము అమ్మిరి. వచ్చిన సొమ్ములో కొంత దాచుకొని, మిగిలినది తెచ్చి, ఇదియే మొత్తమన్నట్టు అపొస్తలుల పాదములయొద్ద పెట్టిరి. వారి తప్పు పిసినారితనమని మనము సాధారణముగా తలంచుదుము. పేతురు మాటలను నిదానముగా చదివినయెడల అది కాదని తెలియును. అమ్మకముందు ఆ పొలము అతనిదే. అమ్మిన తరువాత ఆ సొమ్ము కూడ అతని చేతిలోనిదే. అమ్మవలెనని గాని, అంతయు తేవలెనని గాని ఎవరును ఆజ్ఞాపింపలేదు. సగము తెచ్చి సగమేనని చెప్పినయెడల నింద లేకపోయెడిది.

అయితే అతడు దేనిని గూర్చి అబద్ధమాడెను? వెలను గూర్చి. ఎక్కువ వెలను తక్కువగా చూపెను. నేడు రేవులో అబద్ధపు రసీదు చేయు పనియు సరిగా ఇదే. మూడు గంటలైన తరువాత సప్పీరా లోపలికి రాగా, పేతురు ఆ వెలనే ఎత్తి, అంతకేనా అమ్మినది అని ఆమెను అడిగెను. ఆమెకు నిజము చెప్పుటకు తలుపు తెరవబడియుండెను. ఆమె అవునని చెప్పెను. ఒక్క మాట, అంతే.

ప్రియులారా, కస్టమ్స్ అధికారి పత్రము చూచి "వెల ఇంతేనా?" అని అడుగునప్పుడు ఆ ప్రశ్న ఎవరి ప్రశ్నవలె మనకు వినబడవలెను? పేతురు వారికి చెప్పినది జ్ఞాపకము చేసికొనుడి. వారు మోసపుచ్చజూచినది మనుష్యులను మాత్రమే కాదు.

నాలుగు సాకులు

"సుంకము అన్యాయము" అని కొందరందురు. అన్యాయమని తోచినయెడల చెప్పుటకు చోటున్నది. పరదేశము నుండి వచ్చిన వాహనముపై కేరళ రాష్ట్రపు ప్రవేశపు పన్ను చెల్లునా చెల్లదా అను వివాదము ఒక ఫాదరు గారి పేరుతోనే న్యాయస్థానములలో నడచి, 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసినది. పన్ను చెల్లునని కోర్టు చెప్పినది. ఓడిపోయినను బహిరంగముగా వాదించిన వాదము సిగ్గుపడవలసినది కాదు. చీకటిలో వ్రాసిన రసీదు గెలిచినను సిగ్గే. మన ప్రభువు కపెర్నహూములో ఏమి చేసెనో మత్తయి 17వ అధ్యాయములో చూడుడి. దేవాలయపు పన్ను విషయములో కుమారులు స్వతంత్రులేయని చెప్పియు, ఎవరికిని అభ్యంతరము కలుగకుండునట్లు ఆయన పన్ను కట్టించెను.

"అందరును చేయుచున్నారు" అనునది రెండవ సాకు. అందరు అనగా ఎవరు? 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వారు, భూటాను గుండా దొంగతనముగా వచ్చినవని చెప్పబడిన పాత కార్లకొరకు "నుమ్‌ఖోర్" అను పేరుతో సోదాలు జరిపిరి. భూటాను భాషలో ఆ మాటకు బండి అని అర్థము. ఆ ఆరోపణలలో నిజమెంతయో తేల్చవలసినది న్యాయస్థానములు. ఆ పని మనది కాదు. మనకు పాఠమేమనగా, బండి చేతులు మారినకొద్ది దాని కాగితములలోని అబద్ధము కూడ చేతులు మారును. ఏ పాపము ఎరుగక కొనినవాని వాకిటికి అధికారులు వత్తురు. మన అబద్ధపు భారము పొరుగువాని నెత్తిన పడును.

"ఏజెంటు వ్రాసినాడు, మేము సంతకము మాత్రమే పెట్టితిమి" అనునది మూడవది. సంతకము ఎవరిదో మాట వారిదే. పైగా ఆ అబద్ధము రేవులోనే ఆగదు. రిజిస్ట్రేషను నాడు లైఫ్ టాక్సు కట్టుటకు అదే వెల మరల చూపవలెను. భీమా కంపెనీ వారికి మరల ఒక వెల చెప్పవలెను. ఒకసారి తగ్గించినవాడు ప్రతిచోట తగ్గించవలెను, లేదా ఒకచోట ఒకటి మరియొకచోట మరియొకటి చెప్పవలెను. సామెతలు 20:14లో కొనువాని సంగతి చూడుడి. బేరమాడునప్పుడు సరకు పనికిమాలినదనును, ఇంటికి పోయి దానినే పొగడుకొనును. మెట్టు దగ్గర పాతబడిన బండి, చర్చి వాకిట నిలిపినప్పుడు మేలైన బండి!

నాలుగవ సాకు అన్నిటికంటె మెత్తనిది: "మిగిలిన సొమ్మును దేవుని పనికే యిచ్చెదము." అయ్యో! అననీయ సొమ్ము ఎక్కడ పెట్టబడెను? అపొస్తలుల పాదములయొద్దనే గదా. కానుక పెట్టెలో పడినంత మాత్రమున అబద్ధము కడుగబడదు.

వెనుక సీటులో కూర్చున్నవారు

అననీయ ఒంటరిగా చేయలేదు. భార్యయు ఎరిగియే యుండెనని వాక్యము చెప్పుచున్నది. ఇంటిలో ఇటువంటి రహస్యములు దాగవు. నాన్న కారు ఎంతకు కొన్నాడో, ఎంతకని వ్రాసినాడో వెనుక సీటులోని పిల్లవాడు వినును. ఆదివారము ఆ కారులోనే వానిని సండేస్కూలుకు తీసికొనిపోవుదుము. అబద్ధ సాక్ష్యము పలుకరాదను ఆజ్ఞను అక్కడ వాడు వల్లించును. వాడు ఏ పాఠము నేర్చుకొనును? మా మట్టుకు మాకు, కట్టవలసిన సుంకము కంటె ఈ ప్రశ్నయే బరువైనదిగా తోచుచున్నది.

దీనికి మన దేశ చరిత్రలో ఒక మంచి మాట ఉన్నది. లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానమంత్రిగా ఉన్న దినములలో ఇంటికొక ఫియట్ కారు కొనిరి. వెల 12,000 రూపాయలు. చేతిలో ఉన్నది చాలక బ్యాంకులో 5,000 రూపాయలు అప్పు తెచ్చిరి. 1966 జనవరిలో తాష్కెంటులో ఆయన మరణించిరి. మిగిలిన అప్పును ఆయన భార్య లలితాదేవిగారు తమ పింఛనులో నుండి తీర్చిరి. ఆ కారును చూచునప్పుడు ఆ ఇంటి పిల్లలు తల వంచుకొనవలసిన పని లేకపోయెను. వారు మన మతస్థులు కారు. అయినను ఈ విషయములో మనకంటె ముందు నడచిరి.

ఇదివరకే చేసినవారు

ఈ పుట చదువుచు, గడచిన సంవత్సరములలో తాము చేసిన పని తలంచుకొని నొచ్చుకొనువారు ఉందురు. వారికి యెరికో జక్కయ్య ఉన్నాడు. అతడు సుంకరులలో ముఖ్యుడు, అనగా మెట్టుకు అవతలి ప్రక్క కూర్చున్నవాడు. యేసు తన ఇంటికి వచ్చిన దినమున అతడు కన్నీటితో ఆగలేదు. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. పశ్చాత్తాపము లెక్కలోనికి దిగినది. తక్కువ కట్టిన సుంకమును తనంతట తానే వచ్చి వడ్డీతో చెల్లించుటకు మన చట్టములోను త్రోవ ఉన్నది. నమ్మకమైన న్యాయవాదిని అడిగి ఆ త్రోవ పట్టుడి. నష్టము కలుగును, నిజమే. కాని ఆ సాయంకాలము జక్కయ్య ఇంటిలో నష్టపోయినవారి దుఃఖము కాదు, రక్షణ వచ్చిన ఇంటి సంతోషము ఉండెను.

మా జవాబు

కావున సహోదరునికి మేము వ్రాసినది ఇది. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. మీరును నిజమైన వెల మీద సుంకము, కిరాయి, లైఫ్ టాక్సు అన్నియు లెక్క వేసికొనుడి. కట్టగలిగినయెడల సంతోషముతో కట్టి కారు తెచ్చుకొనుడి. మేమును వచ్చి దానిలో ఎక్కుదుము. కట్టలేనియెడల దానిని అక్కడనే అమ్మి, ఇక్కడ దొరకు చిన్న కారు కొనుక్కొనుడి. పిల్లలు కొన్నాళ్లు బెంగపెట్టుకొందురు, తరువాత మరచిపోవుదురు. నాన్న అబద్ధము వ్రాయుటకంటె కారు వదలుకొనెనను సంగతిని మాత్రము వారు మరువరు.

సుంకపు మెట్టు వద్ద కూర్చున్న మత్తయిని పిలిచిన ప్రభువు, మెట్టు ఎదుట నిలుచున్న మనలను కూడ చూచుచున్నాడు. సత్యమైన మాటతో ఆ మెట్టు దాటుటకు ఆయన మనకందరికిని కృప దయచేయును గాక. ఆమేన్.