గడువు భారం ఎవరిది?

ఇంటికి అరబీ భాషలో ఉన్న పేర్లలో ‘మస్కన్’ ఒకటి. మన ఇళ్ళలో వినిపించే ‘సుకూన్’, ‘సుకూనత్’ అనే ఉర్దూ మాటలు కూడా ఆ ధాతువుకు చెందినవే. ఒకటి మనశ్శాంతి, మరొకటి నివాసం. దివ్యఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ, మానవుల గృహాలను వారికి నెమ్మదినిచ్చే చోటుగా చేసిన విషయాన్ని ప్రస్తావించాడు. అక్కడ వాడిన పదం కూడా ఈ ధాతువునుంచి వచ్చినదే. అయితే నిఘంటుకారులు దీని కిందే మరో మాటను కూడా చేర్చారు. అది ‘మిస్కీన్’. లేమి ఎవరినైతే కదలలేకుండా చేసిందో అతడే మిస్కీన్ అని వారి వివరణ.

మదర్సాలో చదువుకునే రోజుల్లో మాకిది వ్యాకరణ పాఠం మాత్రమే. కదలలేనివాణ్ణి ఇంట్లోంచి కదిలించాలా వద్దా అని మమ్మల్ని అడిగిన రోజున దాని బరువు తెలిసింది.

మా మొహల్లాలో ఒక వృద్ధ వితంతువు ఉన్నారు. భర్త కట్టించి వెళ్ళిన ఇంట్లో వెనక గదుల్లో తానుంటూ, ముందు పోర్షను అద్దెకిచ్చారు. ఆ అద్దెతోనే ఆమెకు బియ్యం, మందులు. ఆ పోర్షనులో ఆటో నడుపుకునే ఒక కుటుంబం దిగింది. ప్రమాదంలో అతని కాలు విరిగింది. నాలుగు నెలలు ఆటో కదల్లేదు, అద్దె కూడా రాలేదు. చివరికి ఇద్దరూ మసీదుకు వచ్చారు. బాకీ తీర్చలేని ఇబ్బందిలో ఉన్నవానికి పరిస్థితి మెరుగుపడేవరకు గడువు ఇవ్వాలనీ, వదిలేస్తే మరింత మేలనీ బఖరా సూరాలో ఉన్న ఆదేశాన్ని మేము ఆమెకు వినిపించాం. ఆమె తల ఊపారు. కాసేపాగి, “మౌల్వీ సాబ్, అల్లాహ్ మాట కాదంటానా? అతనికి నేను గడువిస్తాను. నాకు మందుల షాపువాడు గడువిస్తాడా?” అని అడిగారు.

“సబర్ చేయండి ఖాలా” అన్నాం. ఆ మాట అంటున్నప్పుడే మాకు సిగ్గేసింది. సబర్ చేయవలసింది ఆమె. చెప్పడానికి మాకు పైసా ఖర్చు లేదు.

ఖాలా అడిగిన ప్రశ్న మా మొహల్లాకే పరిమితం కాదు. దీన్ని లెక్కలు వేసి మరీ పరిశీలించినవారు అమెరికాలో ఉన్నారు. వారి పనిని కాస్త వివరంగా పాఠకుల ముందుంచుతాం. అక్కడివారి చట్టం వేరు, సమాజం వేరు. అద్దె కట్టలేని మనిషి మాత్రం ఎక్కడైనా ఒకటే.

సామాజిక శాస్త్రవేత్త మాథ్యూ డెస్మండ్ 2008-09లో మిల్వాకీ నగరపు పేదవాడల్లో తానే అద్దెకుండి, కుటుంబాలను ఇళ్ళనుంచి ఖాళీ చేయించే తీరును కళ్ళారా చూశాడు. 2016లో ‘ఎవిక్టెడ్’ అనే పుస్తకం రాశాడు. తర్వాత ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఆయన నెలకొల్పిన ‘ఎవిక్షన్ ల్యాబ్’ దేశమంతటి కోర్టు రికార్డులను పోగుచేసింది. 2018 ఏప్రిల్‌లో ఆ లెక్కలు బయటికొచ్చినప్పుడు వర్జీనియా రాష్ట్రం తల దించుకోవలసి వచ్చింది. 2016 సంవత్సరానికి, అద్దె కుటుంబాలను అత్యధికంగా ఖాళీ చేయించిన పది పెద్ద నగరాల్లో ఐదు ఆ ఒక్క రాష్ట్రంలోనివే. రాజధాని రిచ్‌మండ్‌ది రెండో స్థానం. అక్కడ అద్దెకుండే ప్రతి వంద ఇళ్ళలో పదకొండుకు పైగా ఆ ఒక్క ఏడాదిలో ఖాళీ తీర్పు పొందాయి. అంటే తొమ్మిది గడపలకు ఒకటి. మన వీధిలో లెక్కపెట్టి చూసుకోండి.

రిచ్‌మండ్‌లోని వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీలో ప్రభుత్వ విధానాలను అధ్యయనం చేసే వైల్డర్ స్కూల్ ఉంది. అమెరికాలో గవర్నరుగా ఎన్నికైన తొలి నల్లజాతీయుడు డగ్లస్ వైల్డర్ పేరు దానికి పెట్టారు. అక్కడి అధ్యాపకులు క్యాథరిన్ హొవెల్, బెన్ టెరేసా తమ నగరానికే ప్రత్యేకంగా ఒక ఎవిక్షన్ ల్యాబ్ ప్రారంభించి, ఇక్కడే ఇలా ఎందుకు జరుగుతోందని వెతికారు. ‘పేదలు కాబట్టి కట్టలేకపోయారు’ అన్నది వారికి దొరికిన జవాబులో కొంతభాగమే. ఆదాయం, ఇళ్ళ విలువ వంటివన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా నల్లజాతివారు ఎక్కువగా నివసించే పేటల్లోనే ఈ తీర్పులు ఎక్కువగా ఉన్నాయి. తెల్లవానికి నల్లవానిపై ఆధిక్యత లేదని దైవప్రవక్త (స) చేసిన అంతిమ హజ్ ప్రసంగాన్ని ఏటా వింటాం. ‘టులెట్’ బోర్డు వేలాడుతుండగానే, మన పేరు వినగానే “ఇల్లు ఇచ్చేశామండీ” అన్న మాట విననివారు మన పాఠకుల్లో ఎందరుంటారు? ఆ మాట గుచ్చుకున్న మనం, మన పోర్షను కోసం వచ్చినవారి ఊరు, వృత్తి, బిరాదరీ ఆరా తీయడం మానామా?

ఇక పరిశోధకులు గమనించిన మరో విషయం మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. కోర్టులో వేసే ప్రతి కేసూ ఖాళీ చేయించడానికి వేసేది కాదు. కొందరు యజమానులు, ముఖ్యంగా వందలాది ఇళ్ళున్న కంపెనీలు, అద్దె ఆలస్యమైన ప్రతిసారీ ఒకే కుటుంబంపై మళ్ళీ మళ్ళీ కేసు వేస్తాయి. ఉద్దేశం బయటికి పంపడం కాదు, భయపెట్టి వసూలు చేయడం. అప్పట్లో వర్జీనియాలో ఐదు రోజుల నోటీసు ఇస్తే చాలు, కేసు వేయవచ్చు. కోర్టు ఖర్చులు, ఆలస్యపు రుసుము అసలుకు తోడవుతాయి. కూలికి వెళ్ళి వాయిదాకు హాజరు కాలేకపోతే తీర్పు యజమానికే. బాకీ పూర్తిగా కట్టేసినా కేసు వేసిన సంగతి రికార్డులో మిగిలిపోతుంది. దాన్ని చూసి మరో యజమాని తలుపు తీయడు.

ఇక్కడ ఒక షరీఅత్ విషయం చెప్పక తప్పదు. గడువు తేదీ దాటిన అద్దె బాకీగా మారుతుంది. ఆలస్యం జరిగిందని బాకీపై అదనంగా తీసుకోవడమే అజ్ఞానకాలంలో అరబ్బులు చేసిన పని. పేరు రుసుమైనా, జరిమానా అయినా, ఆ సొమ్మును యజమాని జేబులో వేసుకుంటే వడ్డీ కాకుండా పోదు. ఇళ్ళు అద్దెకిచ్చే మన సోదరులు తమ అగ్రిమెంటు కాగితాలు ఒకసారి తీసి చూసుకోవాలని మనవి.

తీర్పు తర్వాత ఏమవుతుంది? ఇల్లు పోయిన కూలివాడు ఉద్యోగం కూడా పోగొట్టుకునే అవకాశం 11నుంచి 22 శాతం పాయింట్ల మేర ఎక్కువని డెస్మండ్, అతని సహచరుడు మిల్వాకీలో లెక్కగట్టారు. సామాన్లు ఎక్కడ దించాలా అని తిరిగేవాడు పనికి సమయానికి వెళ్ళలేడు. మనం ‘పనీపాటా లేనివాడు, అందుకే అద్దె కట్టలేదు’ అంటుంటాం. ఒక్కోసారి వరస తిరగబడుతుంది. ఇల్లు పోయింది, అందుకే పని పోయింది. 2023లో ప్రచురితమైన మరో అధ్యయనం ప్రకారం అమెరికాలో ఏటా సుమారు 76 లక్షలమంది ఇలా ఇల్లు పోయే ప్రమాదంలో పడుతుండగా, వారిలో 29 లక్షలమంది పిల్లలు. అన్ని వయసులవారిలోకీ ఐదేళ్ళలోపు పసివారికే ఈ ముప్పు ఎక్కువ. పిల్లలున్న ఇంటిమీద దయ చూపుతారని మనం అనుకుంటాం. రికార్డులు అలా చెప్పడం లేదు.

అలాగని యజమానిని దుర్మార్గుణ్ణి చేసి తీర్పు చెప్పేయడం ఇస్లాం నేర్పిన న్యాయం కాదు. అద్దె ఒప్పందంలో కిరాయిదారుకు దక్కేది ఇంటి వాడకం, ఇల్లు కాదు. ఒప్పందం ముగిశాక యజమాని ఇష్టం లేకుండా అందులో కూర్చోవడాన్ని ఫుఖహాలు కబ్జా కిందే లెక్కించారు. కట్టగలిగి ఉండి వాయిదా వేయడం దౌర్జన్యమని హదీసు స్పష్టంగా చెబుతోంది. కొత్త ఫోన్ కొని, అద్దెకు మాత్రం ‘వచ్చే జుమా’ అనేవారు మనలో లేరా? కనుక ధర్మం ముందుగా వేసే ప్రశ్న ‘అద్దె వచ్చిందా లేదా’ అన్నదొక్కటే కాదు, ‘ఎందుకు రాలేదు’ అని కూడా. కట్టనివానిది ఒక తీర్పు, కట్టలేనివానిది మరొకటి.

ఈ తేడా మన చట్టానికీ తెలుసు. 1960లో చేసిన ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టంలో, కిరాయిదారు బకాయి బుద్ధిపూర్వకమైనది కాదని అధికారి భావిస్తే, పదిహేను రోజులకు మించకుండా గడువు ఇవ్వవచ్చని రాశారు. ఆలోగా కట్టేస్తే యజమాని దరఖాస్తు చెల్లదు. ఆ చట్టం అన్ని ఇళ్ళకూ వర్తించదు. విరిగిన కాలు పదిహేను రోజుల్లో అతకదు కూడా. అయినా, ‘ఎందుకు’ అని అడిగే అవకాశం చట్టంలో ఉంది.

వర్జీనియావారు కూడా ఆ ప్రశ్న అడిగే దారి వెతికారు. 2018నాటి లెక్కలు చూశాక 2019లో శాసనసభ చట్టాలు మార్చింది. 2020 జూలైనుంచి రిచ్‌మండ్‌తో సహా నాలుగు నగరాల కోర్టుల్లో ఒక ప్రయోగం ప్రారంభించింది. బకాయిలో నాలుగోవంతు మొదట కట్టి, మిగిలినది మూడు నెలల్లో తీర్చేందుకు ఒప్పుకున్న కుటుంబానికి, మాట నిలుపుకుంటే ఇల్లు నిలిచేది. చిన్న అడుగే. నాలుగోవంతు కూడా లేనివాడికి అది అందేది కాదు.

అప్పటికే కరోనా వచ్చిపడింది. ఖాలా అడిగిన ప్రశ్న ఒక దేశం మొత్తానికి ఎదురైంది. 2020 సెప్టెంబరు 4నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ ఉత్తర్వుతో, అద్దె కట్టలేనివారిని ఖాళీ చేయించడం చాలావరకు ఆపారు. అద్దె మాత్రం మాఫీ కాలేదు. బాకీ పేరుకుంటూనే ఉంది, యజమాని ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఒకటి రెండు ఇళ్ళమీద బతికే చిన్న యజమానులు ‘గడువు భారమంతా మామీదేనా’ అని మొత్తుకున్నారు. 2021 ఆగస్టు 26న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఆలోగా పార్లమెంటు మరో దారి పట్టింది. 2020 డిసెంబరులో 2,500 కోట్ల డాలర్లు, 2021 మార్చిలో మరో 2,155 కోట్ల డాలర్లు అద్దె సాయానికి కేటాయించింది. కిరాయిదారు పేరున వచ్చిన సొమ్ము ఎక్కువగా నేరుగా యజమానికి చేరింది. ఉత్తర్వులు, సాయం కలిసి పనిచేసినంతకాలం ల్యాబ్ గమనిస్తున్న నగరాల్లో కేసులు మామూలులో సగానికంటే తగ్గాయి. వర్జీనియా 2022 మేలో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపేసింది. డబ్బు అయిపోయాక చాలాచోట్ల కేసులు పాత స్థాయికి చేరాయి.

గడువు ఇమ్మని ఆజ్ఞాపించడం ఒకటి, గడువు భారాన్ని పంచుకోవడం మరొకటి. ఇది చదువుతున్నప్పుడు సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) తెలిపిన ఒక సంఘటన గుర్తుకొచ్చింది. ఎన్నోసార్లు చదివాం, బోధించాం. దాని వరసను మాత్రం గమనించలేదు. దైవప్రవక్త (స) కాలంలో ఒకతను కొన్న పండ్ల పంట దెబ్బతిని అప్పులపాలయ్యాడు. ఆయన ముందుగా అప్పిచ్చినవారిని పిలిచి ‘వదిలేయండి’ అనలేదు. ముందుగా ప్రజలతో అతనికి దానం చేయమన్నారు. ప్రజలు ఇచ్చారు. అది అప్పుకు సరిపోలేదు. అప్పుడు మాత్రమే అప్పులవాళ్ళవైపు తిరిగి, దొరికింది తీసుకోండి, అంతకుమించి మీకు లేదన్నారు. మొదట సమాజం, తర్వాత హక్కుదారు. మేము ఖాలా దగ్గర ఈ వరసను తిరగేశాం. సమాజాన్ని వదిలేసి నేరుగా హక్కుదారు దగ్గరికే వెళ్ళాం.

జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాల్లో బాకీల్లో కూరుకుపోయినవారు ఒకరు. రమజాన్‌లో మన జకాత్ చీరలుగా, రేషన్ కిట్లుగా పంచుతాం. ఆ వర్గం ఉందని చాలామందికి జ్ఞాపకం కూడా ఉండదు.

ఆ జుమా తర్వాత కమిటీ పెద్దల్ని కూర్చోబెట్టి మా తప్పు చెప్పుకున్నాం. రెండు నెలల అద్దెకు సరిపడే జకాత్ సొమ్మును ఆటో అతని చేతికే ఇచ్చాం. జకాత్ అర్హుని సొంతం కావాలి కదా. అతనే వెళ్ళి ఖాలాకు కట్టాడు. ఒక నెల అద్దె ఆమె తనంతట తానే వదిలేశారు. మిగిలిన నెలది అతను కొద్దికొద్దిగా తీరుస్తున్నాడు. ఆ కూర్చున్నప్పుడే ఒక పెద్దాయన, “మౌలానా, మన మసీదు మల్గీల సంగతేమిటి?” అన్నాడు. మసీదు కింద ఐదు దుకాణాలున్నాయి. వాటిలో ఒక దర్జీకి మేమే, అంటే కమిటీయే, మూడు నెలల బకాయికి ఖాళీ చేయమని నోటీసు ఇచ్చి ఉంది. ఎందుకు కట్టలేదని మాలో ఒక్కరం కూడా అతన్ని అడగలేదు.

అద్దె రిజిస్టరులో బకాయి గడి పక్కన ‘కారణం’ అని మరో గడి గీయించాం. మొదటి నెల అందులో మూడు పంక్తులు పడ్డాయి. ఒకరికి కూతురి పెళ్ళి అప్పు. ఒకరు కట్టగలిగీ కట్టలేదు, కట్టించుకున్నాం. దర్జీ పేరు ఎదురుగా గుమాస్తా ‘కళ్ళు కనిపించడం లేదు, ఆపరేషన్ కావాలి’ అని రాశాడు.